కెమెరాకీ ఒక ధర్మం ఉందా? సింహాచలం నుంచి అరకు దాకా



మొన్నటి వీడియోలో సింహాచలం చందనోత్సవం గురించి చెప్పుకున్నాం కదా. చివర్లో ఒక ప్రశ్న వేసి, టైమ్ సరిపోక అక్కడితో ఆపేశాం. ఆ ప్రశ్న కోసమే ఈ పోస్ట్. వీడియో చూడనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా మొదటి నుంచే చెబుతాను.

సింహాచలంలో వరాహ లక్ష్మీనృసింహస్వామివారి మూలవిరాట్టు ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటుంది. వైశాఖ మాసంలో అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే ఆ చందనం తీసి నిజరూప దర్శనం కల్పిస్తారు. తర్వాత మళ్ళీ విడతలవారీగా చందన సమర్పణ మొదలవుతుంది. ఆ ఒక్కరోజు కోసం జనం గంటల తరబడి క్యూలో నిలబడతారు. స్వామి ముందు దొరికేది కొన్ని క్షణాలు. బయటికి వచ్చాక ఎవరికైనా చూపించడానికి ఫోన్‌లో ఏమీ ఉండదు. అయినా "ఇంత దూరం వచ్చాను, ఒక్క ఫొటో కూడా లేదు" అని బాధపడేవాళ్ళని నేనైతే చూడలేదు. తిరుమలలో కూడా అంతే. క్యూలోకి వెళ్ళే ముందే ఫోన్ డిపాజిట్ చేసేస్తాం. ఉత్సవమూర్తులు మాడవీధుల్లోకి వచ్చినప్పుడు మాత్రం సంతోషంగా ఫొటోలు తీసుకుంటాం. ఏది తీయొచ్చో, ఏది చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేయాలో మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

విశాఖ నుంచి అరకు వెళ్ళే రైలు ఆ సింహాచలం మీదుగానే వెళ్తుంది. 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చినప్పటి నుంచి ఆ ప్రయాణమంతా ఫొటోల పండగే. శృంగవరపుకోట దాటి రైలు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే ఫోన్లన్నీ పైకి లేస్తాయి. సొరంగాలు, లోయలు, బొర్రా దగ్గర పొగమంచు, శీతాకాలమైతే అరకులో పచ్చగా విరబూసిన వలిసె పూల చేలు. ఇందులో తప్పేమీ లేదు. నేను వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని ఈ కొండలకే పోతాను. కానీ గుడిలో అంత సహజంగా పాటించే హద్దు, గుడి దాటి కొండెక్కాక మనకి ఎందుకు గుర్తుకు రాదు? ఫొటో తీయడంలో కూడా ధర్మం, అధర్మం అనేవి ఉంటాయా?

ఒకే జంట, రెండు చూపులు

రామాయణం ఎలా పుట్టిందో మనందరికీ తెలిసిన కథే. తమసా నది ఒడ్డున ఒక క్రౌంచ పక్షుల జంట ఉంది. వాల్మీకి మహర్షి ఆ జంటను చూశారు. అదే జంటను ఒక బోయవాడు కూడా చూశాడు. చోటు ఒకటే, సమయం ఒకటే, పక్షులూ అవే. బోయవాడికి అందులో తనకి దొరకబోయేది కనిపించింది. మహర్షికి ఆ పక్షుల సంతోషం, తర్వాత వాటి దుఃఖం కనిపించాయి. ఆ దుఃఖంలోంచే శ్లోకం పుట్టిందని చెప్పుకుంటాం. అంటే మన ఆదికావ్యమే ఒక పక్షిని ఎలా చూడాలి అన్న విషయంతో మొదలైంది.

ఫొటోకీ వేటకీ పోలికేంటి, చంపట్లేదు కదా అనిపించొచ్చు. మన చట్టాన్నే చూడండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకి ఇచ్చిన నిర్వచనం చంపడంతో, పట్టుకోవడంతో ఆగిపోలేదు. తరమడం, ఎర వేయడం అందులో ఉన్నాయి. అడవి పక్షుల గూళ్ళకీ గుడ్లకీ అలజడి కలిగించడం కూడా వేటే అని రాశారు. ఆ చట్టం రాసినప్పుడు మొబైల్ కెమెరాలు లేవు. కానీ గూడు దగ్గరికి మనిషి వెళ్తే ఏమవుతుందో రాసినవాళ్ళకి తెలుసు.

ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. తూర్పు కనుమల్లో హార్న్‌బిల్ పక్షులు ఉన్నాయి. పెద్ద ముక్కు, దాని మీద కొమ్ములాంటి భాగం, ఎగురుతుంటే రెక్కల చప్పుడు. ఫొటోగ్రాఫర్లకి ఇదంటే ప్రాణం. గుడ్లు పెట్టే కాలంలో ఆడపక్షి ఒక పెద్ద చెట్టు తొర్రలోకి వెళ్ళి, మట్టి, రెట్ట లాంటివాటితో ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రమే వదులుతుంది. వారాల తరబడి బయటికి రాదు. మగపక్షి పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందిస్తేనే తల్లికీ పిల్లలకీ తిండి. ఇప్పుడు ఆ చెట్టు కింద నలుగురు ట్రైపాడ్లు పెట్టుకుని కూర్చున్నారనుకోండి. మగపక్షి నోట్లో పండు పెట్టుకుని దూరంగా ఇంకో కొమ్మ మీద ఆగిపోతుంది. మనం వెళ్ళేదాకా రాదు. మనకి మాత్రం "ఇవాళ పక్షి సరిగ్గా రాలేదు" అనిపిస్తుంది. లోపల ఒక కుటుంబం ఆకలితో ఉందని ఫొటోలో పడదు.

ఇంకో పద్ధతి ఉంది. ఫోన్‌లో పక్షి కూత పెట్టి వినిపిస్తారు. తన చోటులోకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుని అసలు పక్షి కంగారుగా బయటికి వస్తుంది, అరుస్తుంది, కొమ్మ కొమ్మకీ తిరుగుతుంది. మంచి ఫొటో దొరుకుతుంది. లేని శత్రువుతో పోరాడుతూ అది తన పూటని పోగొట్టుకుంటుంది. నన్నడిగితే ఇది మోసం. మనిషికి చేస్తే మోసం అనే పని, పక్షికి చేస్తే టెక్నిక్ ఎలా అవుతుంది?

జంతువుని అనుమతి ఎలా అడుగుతాం అని మీరు అడగొచ్చు. నోటితో చెప్పదు కానీ జవాబైతే చెబుతుంది. అనంతగిరి వైపు అడవుల్లో బెట్టుడుత కొమ్మ మీద కూర్చుని కాయ తింటుంటే గమనించండి. మనం ఉన్నా అది తింటూనే ఉంటే, అభ్యంతరం లేదన్నట్టు. తినడం ఆపి, బిగుసుకుపోయి, మన వైపే చూస్తూ అరుపు అందుకుందంటే, వద్దన్నట్టు. అప్పుడు రెండడుగులు వెనక్కి వేయడమే మర్యాద.

"దర్శనం అయింది" అంటాం, "ఫొటో తీశాను" అంటాం

మన భాషలోనే ఒక సంగతి ఉంది. గుడి నుంచి వచ్చాక "దర్శనం బాగా అయిందండీ" అంటాం. "స్వామి దర్శనం ఇచ్చారు" అంటాం. ఇవ్వడం అవతలివైపు నుంచి జరుగుతుంది. ఫొటో దగ్గరికి వచ్చేసరికి "తీశాను" అంటాం. అక్కడ చేసేదంతా మనమే, అవతలివాళ్ళు ఏమనుకున్నారో ఆ మాటలో ఎక్కడా లేదు.

వారపు సంతలో ఇది బాగా తెలుస్తుంది. అరకు చుట్టుపక్కల సంతలకి కొండల మీది ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు తెల్లారకముందే బయల్దేరి వస్తారు. పసుపు, పిప్పళ్ళు, అడ్డాకులు, కొండ చీపుళ్ళు, చింతపండు అమ్ముకుంటారు. ఒకసారి ఒక పెద్దావిడ ముందు ఎవరో ఫోన్ ఎత్తారు. ఆవిడ చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఫోన్ దించారు. నాలుగడుగులు దూరం వెళ్ళి, జూమ్ చేసి, చెంగు జారే దాకా ఆగి తీసుకున్నారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కానీ అక్కడ ఒకరు వద్దన్నారు, ఇంకొకరు ఆ మాటని తొక్కేశారు.

మా ఫీల్డ్ భాషలో చెబితే ఇంకా తేలిక. ఏ యాప్ అయినా మీ కెమెరా వాడుకోవాలంటే ముందు పర్మిషన్ అడగాలి. మీరు డినై నొక్కాక కూడా ఆ యాప్ దొడ్డిదారిలో మీ కెమెరా ఆన్ చేస్తే దాన్ని స్పైవేర్ అంటాం, కోపంతో అన్ఇన్‌స్టాల్ చేస్తాం. చెంగు అడ్డం పెట్టుకోవడం కూడా డినై నొక్కడమే. మన ఇంట్లో వంటగదిలో పనిచేసుకుంటున్న నాయనమ్మని కిటికీలోంచి ఎవరో తెలియనివాళ్ళు ఫొటో తీసి "స్వచ్ఛమైన జీవితం" అని పోస్ట్ చేస్తే మనం ఊరుకుంటామా?

ఇది ఎంతదూరం పోగలదో 2012 జనవరిలో దేశమంతా చూసింది. అండమాన్‌లో జరావా తెగ ఆడవాళ్ళతో తిండి ఆశ చూపించి టూరిస్టుల కోసం డ్యాన్స్ చేయించిన వీడియో బయటికి వచ్చింది. జరావాల ఫొటోలు తీయడం అక్కడ నేరం. అయినా జరిగింది. మన అరకులో పరిస్థితి అది కాదు, నిజమే. ఇక్కడ థింసా నృత్యాన్ని టూరిస్టుల కోసం ప్రదర్శించే బృందాలు ఉన్నాయి. అది వాళ్ళు ఒప్పుకుని చేసే పని, దానికి డబ్బు తీసుకుంటారు, ఫొటోలు తీసుకోమంటారు. హాయిగా తీసుకోవచ్చు. ఊళ్ళో పండగనాడు వాళ్ళ దేవత ముందు వాళ్ళకోసం వాళ్ళు చేసుకునే థింసా వేరు. ఒకటి ఉత్సవమూర్తి ఊరేగింపు లాంటిది అనుకుంటే, రెండోది గర్భాలయం. అడుగు లోపలికి పెట్టే ముందే అడగాలి.

ఆ కొండ ఎవరికి గుడి?

అలిపిరి నుంచి నడిచి తిరుమల ఎక్కినవాళ్ళందరికీ మోకాళ్ళ పర్వతం తెలుసు. ఆ కొండంతా ఆదిశేషుడే కాబట్టి పాదం మోపకూడదని రామానుజాచార్యులవారు మోకాళ్ళ మీద ఎక్కారని పెద్దలు చెబుతారు. గుడి పైనెక్కడో ఉందని కాకుండా, కొండ మొత్తం దేవుడే అన్న భావన అది.

సరిగ్గా అదే భావన అరకు నుంచి ఉత్తరంగా, ఒడిశా వైపు ఉన్న నియమగిరిలో ఉంది. అక్కడి డోంగ్రియా కోంధులకి ఆ కొండ నియమరాజు ఉండే చోటు. అక్కడ బాక్సైట్ తవ్వాలనుకున్నప్పుడు విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2013 ఏప్రిల్‌లో కోర్టు, వాళ్ళ మతపరమైన హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాదే 12 గ్రామసభలు జరిగాయి. 12 కూడా తవ్వకం వద్దన్నాయి. మనకి తిరుమల ఎలాగో, వాళ్ళకి నియమగిరి అలాగ. ఈ మాట అర్థం చేసుకోవడానికి మనకంటే దగ్గరివాళ్ళు ఇంకెవరు ఉంటారు?

మన అనంతగిరి మండలానిదీ పెద్ద కథే. బొర్రా గుహల్లో సహజంగా ఏర్పడిన శివలింగానికి దణ్ణం పెట్టుకుని, రంగురంగుల లైట్లలో ఫొటోలు దిగి వస్తాం. ఆ బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని, అది ప్రభుత్వ భూమే అయినా సరే, గిరిజనేతరులకి గనుల కోసం లీజుకి ఇవ్వకూడదని ఆ తీర్పు సారాంశం. దేశంలో గిరిజన హక్కుల గురించి ఎక్కడ మాట్లాడినా ఈ సమత తీర్పు పేరు వస్తుంది. మనం తీసే లాండ్‌స్కేప్ ఫొటోల్లో మాత్రం ఆ కొండల్లో ఎవరూ లేనట్టే ఉంటుంది. మనుషులు లేని ఫ్రేమ్ కోసం మనమే ఓపిగ్గా ఎదురుచూస్తాం. ఒక్కో ఫొటోకి అది అందమే. వేల ఫొటోలు అలాగే ఉంటే మాత్రం, ఇది ఎవరిదీ కాని చోటు, ఎవరైనా వచ్చి ఏమైనా చేసుకోవచ్చు అన్న అభిప్రాయం నెమ్మదిగా స్థిరపడిపోతుంది.

పాడేరు దగ్గర వంజంగి కొండనే తీసుకోండి. కొన్నేళ్ళ క్రితం దాకా చుట్టుపక్కలవాళ్ళకి తప్ప పెద్దగా తెలియని కొండ. మేఘాల సముద్రం రీల్స్ వచ్చాక తెల్లవారుజామున కార్ల వరసలు, పైన ప్లాస్టిక్ సీసాలు. వలిసె చేల దగ్గర ఇంకో రకం. వలిసెలు అంటే నూనె గింజల పంట, వెర్రినువ్వులు అని కూడా అంటారు. చాలాచోట్ల రైతులు చేలోకి దిగి ఫొటో తీసుకోవడానికి కొంచెం డబ్బు అడుగుతారు. "పూలతో ఫొటోకి కూడా డబ్బులా" అని విసుక్కునేవాళ్ళు ఉంటారు. మన అడుగుల కింద పోయేది వాళ్ళ పంట అండీ. గుడిలో హుండీ దగ్గర బేరమాడని మనం చేను గట్టు మీద ఎందుకు బేరమాడాలి?

అలాగని కెమెరా బీరువాలో పెట్టేయాలా?

వద్దు. నేను ఆ మాట అనట్లేదు. "ఫొటోలు లేకపోతే ఈ అడవుల గురించి ఎవరికి తెలుస్తుంది, తెలియకపోతే ఎవరు కాపాడతారు" అనే వాదన బలమైనదే. దానికి మన రాష్ట్రంలోనే ఒక కథ ఉంది. ఇవే తూర్పు కనుమలు దక్షిణంగా సాగి కడప జిల్లాలో లంకమల కొండలవుతాయి. అక్కడి ముళ్ళపొదల్లో కలివి కోడి అనే చిన్న పక్షి ఉండేది. రాత్రిపూట మాత్రమే తిరుగుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోయేసరికి అంతరించిపోయిందనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానిక వేటగాళ్ళ సాయంతో దాన్ని మళ్ళీ కనుక్కున్నారు. దానివల్లే ఆ అడవి లంకమల్లేశ్వర అభయారణ్యం అయింది. కానీ అప్పుడు చేత్తో పట్టుకున్న ఆ పక్షి బతకలేదు.

తర్వాతి కాలంలో పరిశోధకులు పద్ధతి మార్చారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, రాత్రి దాని మీద పడిన పాదముద్రలు చూసి, అది తిరిగే దారుల్లో ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. పక్షి దారిన పక్షి తిరిగింది, సమాచారమూ దొరికింది. కెమెరా ఇక్కడ అడవికి మేలే చేసింది. మనిషి పక్కకి తప్పుకున్నాడు కాబట్టి అది సాధ్యమైంది.

అందుకే ఆ వాదనకి నా జవాబు ఇదీ. నా ఫొటో వల్ల రేపు అడవికి మంచి జరగొచ్చు, జరగకపోవచ్చు. ఇవాళ నా ఎదురుగా ఉన్న ఈ గూటికి జరిగే నష్టం మాత్రం ఖాయం. రాని పుణ్యాన్ని చూపించి ఖాయమైన పాపం చేయడం మన ధర్మశాస్త్రం ఏదీ ఒప్పుకోదు. పైగా నిజాయితీగా లెక్క వేసుకుంటే, మనలో చాలామంది ఫొటోలు అడవి కోసం పెట్టట్లేదు, లైకుల కోసం పెడుతున్నాం. కర్మఫలం మీద మమకారం గురించి ప్రవచనాల్లో ఎంత విన్నా, ఆ ఒక్క షాట్ దగ్గరికి వచ్చేసరికి అదంతా గాలికి పోతుంది. పొద్దున్నే అడవిలో రెండు గంటలు కూర్చుని, ఒక పక్షిని కళ్ళారా చూసి, ఫొటో రాకుండా తిరిగొచ్చిన రోజు "వేస్ట్ అయింది" అనిపిస్తే, మనం అక్కడికి దేనికోసం వెళ్ళామో ఒకసారి ఆలోచించుకోవాలి. సింహాచలం క్యూలో నిలబడి వచ్చిన రోజుని మనం వేస్ట్ అనం కదా.

ఈసారి అరకు వెళ్ళేటప్పుడు

చేయడానికి తేలికగా ఉండే కొన్ని పనులు:

1. మనిషిని తీయాలంటే ముందు కెమెరా దించి, నమస్కారం పెట్టి అడగండి. ఏజెన్సీలో చాలామంది పెద్దవాళ్ళకి తెలుగు ఇంటి భాష కాదు. సైగతో అడిగినా అర్థమవుతుంది. వద్దంటే నవ్వి ముందుకి వెళ్ళిపోండి. పిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నల్ని అడగాలి.

2. గూడు కనిపిస్తే ఒకసారి చూసి వెనక్కి వచ్చేయండి. ఆకులు తప్పించి, కొమ్మలు విరిచి ఫ్రేమ్ క్లియర్ చేయొద్దు. ఆ ఆకులే కాకులకీ పాములకీ గూడు కనబడకుండా దాచేవి.

3. కూతలు ప్లే చేయొద్దు, తిండి పెట్టి పిలవొద్దు.

4. అరుదైన జీవి ఫొటో పోస్ట్ చేస్తే లొకేషన్ పెట్టకండి. ఫోన్ ఫొటో ఫైల్‌లోనే జీపీఎస్ వివరాలు దాగి ఉంటాయి. ఒరిజినల్ ఫైల్ పంపితే అవి కూడా వెళ్తాయి, కాబట్టి సెట్టింగ్స్‌లో తీసేయండి. పక్షుల రికార్డులు నమోదు చేసే ఈబర్డ్ కూడా కొన్ని ప్రమాదంలో ఉన్న పక్షుల చోటుని అందరికీ చూపించదు.

5. కొండ మీద చెట్టు కింద పసుపు, కుంకుమ పెట్టిన రాయి కనిపిస్తే అది ఎవరికో గుడి. చెప్పులు విప్పండి. ఫొటో సంగతి ఊరివాళ్ళని అడిగాకే.

6. మీ ఫొటోల్లో ఆ ఊళ్ళ పేర్లు, అక్కడ పండే కాఫీ, మిరియాలు, పసుపు గురించి నాలుగు మాటలు రాయండి. వ్యూపాయింట్‌తో పాటు అక్కడ బతికే మనుషులు కూడా చూసేవాళ్ళకి గుర్తుంటారు.

ఈ ఆరూ ఎవరో వచ్చి తనిఖీ చేసేవి కావు. అడవిలో మనం ఒక్కళ్ళమే ఉన్నప్పుడు, గూడు ఎదురుగా ఉన్నప్పుడు, ఎవరూ చూడట్లేదని తెలిసినప్పుడు పాటించాల్సినవి. ఎవరూ చూడట్లేదు అన్నది కూడా నిజం కాదని మనం నమ్ముతాం కదా.

వచ్చే వీడియోలో పాడేరు మోదకొండమ్మ తల్లి జాతర గురించి మాట్లాడుకుందాం. అందాకా సెలవు. శుభం.